ఇంటింటికీ కొత్త కుండ

ముందే చెప్పేస్తాను. ఇంకొకరి నోట మీరు వినడం కంటే అదే నయం. నేను అరవై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. అరవై నాలుగో ఏట, పక్కవాళ్ళ పలకలోకి చూసి రాశానని నా మీద ఒకరు రాసిన మాటను కంప్యూటర్‌లో నా కళ్ళతో నేనే చదువుకున్నాను. చదువు రాకపోయి ఉంటే ఆ రోజు హాయిగా టీ తాగి నడుం వాల్చేదాన్ని.

అంతకుముందు ఇరవై మూడేళ్ళు టాటానగర్ పక్కన గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేశాను. పోత పోసిన ఇనప ముక్కల మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, మోత విని, పగిలినవి ఒక పక్కకీ మంచివి ఒక పక్కకీ వేయడం నా పని. చెవులు అంత బాగా పనిచేసేవి. హాజరు పుస్తకంలో మాత్రం వేలిముద్రే. సూపర్‌వైజర్ ఇంకు డబ్బా మూత తీసి నా ముందుకు తోసే తీరు చూస్తే అది ఆయన మీదే బోర్లించాలనిపించేది. ఒకసారి నిజంగానే ఆయన తెల్ల చొక్కా మీద పడింది. అది పొరపాటే. ఎవరు అడిగినా అదే చెప్పాను.

పని మానేశాక మా రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో మధ్యాహ్నం పూట తెలుగు తరగతి పెట్టారు. పిల్లల కోసం పెట్టారు. పిల్లలు ఒక్కరూ రాలేదు. ఇక్కడి పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు, ఇంక వాళ్ళకి గుణింతాలెందుకు? పాఠం చెప్పే మాస్టారు వారం రోజులు ఖాళీ చాపల్ని చూస్తూ కూర్చున్నారు. చివరికి, మా మనవడు రానంటున్నాడని చెప్పడానికి ఎవరొచ్చినా వాళ్ళనే చాప మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అలా పద్దెనిమిది మంది ముసలమ్మలం అయ్యాం. నేను కూడా చెప్పి వెళ్ళిపోదామని వచ్చినదాన్నే.

నా పక్కన కూర్చునేది మా ఎదురింటి వదిన. చుట్టరికం ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఎదురెదురు గుమ్మాల్లో ఉన్నాం కాబట్టి నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. నాకంటే రెండు నెలల ముందు ఆమె ఒత్తులు పూర్తిచేసింది. ఆ సంగతి మా వీధి కుక్కలకి కూడా తెలుసు, ఆమె అంతమందికి చెప్పింది.

మా ఇద్దరికీ ఏడాదిలో ఒక్కరోజు మాత్రం పొత్తు కుదురుతుంది. కాలనీ అమ్మవారి పండగకి ముందు రోజు ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం అడిగి తెస్తాం. గుమ్మం ముందు నిలబడి కేకేసేది నేను, కుండ పట్టుకునేది వదిన. ఎవరి బియ్యమైనా ఆ ఒక్క కుండలోనే పడాలి. ఆఖరి గుమ్మం అయ్యేవరకు కుండ నేల మీద పెట్టకూడదు, వంచకూడదు. అందరిదీ చేరాకే ఒక్కసారిగా వండి అమ్మవారి ముందు పెడతాం. సన్నబియ్యం, రేషన్ బియ్యం కలిసిపోయి ఆ అన్నం ఎప్పుడూ సగం చిమిడి, సగం పలుకుగా ఉంటుంది. అమ్మవారు ఇంతవరకూ ఏమీ అనలేదు.

సరే, రెండేళ్ళ చదువు అయ్యాక మాస్టారు మా అందరినీ సొంతంగా ఏదైనా రాసి తెమ్మన్నారు. సంఘానికి కొత్తగా వెబ్‌సైట్ పెడుతున్నారట. ఎవరు రాసింది వాళ్ళ పేరుతో అందులో పెడతామని, ఆదివారం వార్షికోత్సవంలో హాల్లో తెర మీద అందరికీ చూపిస్తామని చెప్పారు. వెబ్‌సైట్ చేసేది ఎవరనుకున్నారు? మా కోడలే. బిష్టుపూర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో నేర్చుకుని ఇంట్లోనే పని మొదలుపెట్టింది. ఆమెకి ఇదే మొదటి పని. కోడలు పుట్టింది పెరిగింది ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. నాకు ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. మా ఇంట్లో చదువు అలా సగం సగం పంచుకుని ఉంది.

నేను ఆరు లైన్లు రాశాను. టాటానగర్ స్టేషన్లో విశాఖపట్నం బండి ఆగి ఉంటే పెట్టె మీద బోర్డు తెలుగులో కనబడింది. జీవితంలో మొదటిసారి ఒక ఊరి పేరు చదువుదామని నిలబడ్డాను. 'విశాఖ' వరకు బాగానే వెళ్ళాను. 'పట్నం' దగ్గర ఒత్తు కూడబలుక్కుంటుంటే బండి కదిలిపోయింది. మిగతా సగం చదవడానికి మర్నాడు మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళాను. అంతే నేను రాసింది. అందరిలోకీ ఆఖరున ఇచ్చింది వదిన, అది కూడా కవర్లో పెట్టి అంటించి. ఏం రాశావని అడిగితే ఆదివారం సూద్దూగాని అంది.

బుధవారం కోడలు అందరివీ వెబ్‌సైట్‌లోకి ఎక్కించింది. మాస్టారు తన ఫోన్లో టైపు చేసి పంపిన పట్టికలోంచి ఒక్కొక్కరిదీ తీసి పేజీలో పెట్టే ప్రోగ్రాం రాసిందట. మొదటి మనిషి దగ్గర మొదలుపెట్టి ఆఖరి మనిషి వరకు అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తూ తిరుగుతుంది. దాన్ని లూప్ అంటారు. చూద్దునుగదా, మేము రాసిందంతా పేజీ నెత్తి మీద కూర్చుంది. సంఘం పేరు కంటే పైన, అమ్మవారి బొమ్మ కంటే పైన పద్దెనిమిది మందిమీ ఎక్కేశాం. "మా అభ్యాసకుల రాతలు" అన్న హెడ్డింగు కింద మాత్రం ఏమీ లేదు.

ఏమైందని అడిగితే కోడలు ఓపికగా చెప్పింది. పేజీని వేసేది ఇంకో పెద్ద ప్రోగ్రామట. మనవాళ్ళ ముక్క దాని చేతికివ్వాలి, అది తీసుకెళ్ళి హెడ్డింగు కింద పెడుతుంది. కోడలేమో తిరిగిన ప్రతిసారీ దొరికింది దొరికినట్టు బయటికి పంపేసింది. పేజీ ఇంకా మొదలవ్వకముందే అవన్నీ వెళ్ళి పైన పడ్డాయి. అన్నీ ఒక డబ్బాలాంటి దాంట్లో చేర్చుకుని, తిరగడం పూర్తయ్యాక ఒక్కసారే ఇవ్వాలట. అక్షరాలన్నీ చేరిన ఆ ఒక్క ముద్దని స్ట్రింగ్ అంటారని కూడా చెప్పింది. నాకు అర్థమైంది. పెళ్ళిలో పొయ్యి దగ్గరి నుంచి గారెలు తిన్నగా విస్తళ్ళలోకి విసిరితే ఎలా ఉంటుంది? గంపలోకి ఎత్తి ఇస్తే వడ్డించేవాళ్ళు వడ్డిస్తారు.

గురువారం మధ్యాహ్నం కోడలు నన్ను పిలిచింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆ గయా అత్తమ్మా. హెడ్డింగు కిందే వచ్చింది, దేఖియే."

నిజమే. హెడ్డింగు కింద తెలుగు అక్షరాలు వరసగా దిగిపోతున్నాయి. కోడలికి అవి ఎవరివో తెలీదు, నిండుగా ఉన్నాయి కాబట్టి అందరివీ వచ్చేశాయనుకుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని తెర మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. నేను చదవాలంటే వేలు కావాలి. రెండో లైనుకే అనుమానం వచ్చింది. పన్నెండో లైనుకి రూఢి అయింది. మొదటి నుంచి చివరిదాకా అదంతా వదిన రాసిందే. మిగతా పదిహేడు మంది జాడ లేదు. ఆమె ఒక్కర్తే పేజీన్నర రాసింది కాబట్టి కోడలికి తేడా తెలీలేదు.

పదమూడో లైను నుంచి నా గురించి. "నా పక్కన కూర్చునే మా ఎదురింటి వదిన నా పలకలోకి తొంగి చూసి రాయును. నేను పలక ఇటు తిప్పితే ఆమె మెడ అటు తిరుగును. ఆమె మెడ చాలా పొడుగు." మాస్టారు అక్షరం కూడా తీసేయకుండా టైపు చేశారు.

"అందరిదీ కాదు పిల్లా," అన్నాను. "ఒక్కర్తిదే. అదీ ఆవిడది."

కోడలు నమ్మలేదు. నేను మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి గట్టిగా చదివి వినిపించాను. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వడం లేదంది.

ఇప్పుడు నా బాధ ఏమిటో చెబుతాను. వదిన రాస్తే రాయనీ. దానికి పైన నా ఆరు లైన్లు కూడా ఉంటే చదివినవాళ్ళు చదివి, ఈమెకి రాయడం వచ్చో రాదో వాళ్ళే తేల్చుకుంటారు. అవి లేకుండా ఇదొక్కటే తెర మీద పడితే కాలనీ అంతటికీ మిగిలేది నా మెడ. ఇరవై మూడేళ్ళు వేలిముద్ర వేసి, రెండేళ్ళు చాప మీద మోకాళ్ళు అరగదీసుకున్నది దీనికా?

శుక్రవారమంతా కోడలు ఆ ప్రోగ్రాంలో ఏవేవో మార్చింది. ఎలా మార్చినా వదినే వచ్చింది. మెల్లగా ఒక సంగతి మాత్రం తేలింది. అది అందరి దగ్గరికీ తిరుగుతోంది, కానీ వరసలో ఆఖర్న ఎవరుంటే వాళ్ళదే చివరికి మిగులుతోంది. ఈ మాట వినగానే నా బుర్రకి తోచింది మంచి ఆలోచన కాదని నాకు అప్పుడే తెలుసు.

"అలాగైతే నన్ను ఆఖర్న పెట్టు."

"అత్తమ్మా, మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళ సంగతి తరవాత సూద్దుం. ముందు నన్ను ఆఖర్న పెట్టు."

పెట్టింది. వదిన మాయమైంది. హెడ్డింగు కింద నా ఆరు లైన్లు మాత్రమే. చుట్టూ తెల్లగా, విశాలంగా, ఒక్కదానికే బంగళా ఇచ్చినట్టు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయనకీ తెలుగు చదవడం రాదు. బాగుంది, గీతలు సన్నగా ఉన్నాయి అన్నాడు. నేను రెండుసార్లు టీ పెట్టుకుని తాగాను. కోడలు మాత్రం నా వైపు చూడకుండా ప్రోగ్రాం చూసుకుంటూ కూర్చుంది. మొదటి పనికి పద్దెనిమిది మందికి బదులు ఒక్కరిని చూపించి, ఆ ఒక్కరూ సొంత అత్తగారైతే సంఘం వాళ్ళు ఏమనుకుంటారో నాకూ తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నాను. ఇది కూడా ముందే చెప్పేస్తున్నాను.

శనివారం పదిగంటలకి వదిన వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చింది. రేపు తెర మీద ఎలా ఉంటుందో ముందుగా ఒకసారి చూసుకుందామని. కోడలు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. చివరికి చూపించక తప్పలేదు.

వదిన నాకంటే బేగి చదువుతుంది, వేలు అక్కర్లేదు. నా ఆరు లైన్లు చదివింది. కిందికి చూసింది. పైకి చూసింది. తెర పక్కన ఏమైనా ఉందేమోనని అటు కూడా తొంగి చూసింది.

"నాదేదీ?"

నేను తయారుగా ఉన్నాను. ఆమె గొంతెత్తితే నేనూ ఎత్తుదామని, మెడ సంగతి తేల్చుకుందామని రెండు రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. ఆమె గొంతెత్తలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మా కోడలి అమ్మగారోల్లు రేపు వత్తన్నారు వదినా. నానే రమ్మన్నాను, సూపిత్తానని."

అంతే అంది. నాకు జాలి వేయలేదు, అబద్ధం ఎందుకు. కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా తిట్టిన మనిషి తిట్టాల్సిన రోజున తిట్టకపోతే మనం కూడబెట్టుకున్నదంతా ఎక్కడ పెట్టుకోవాలి? ఆ కోపంలోనే జరిగిందంతా చెప్పేశాను. ఆఖర్న ఉన్నవాళ్ళే మిగులుతున్నారని, నన్ను ఆఖర్న పెట్టమన్నది నేనేనని. నువ్వు నా మెడ గురించి రాశావు కాబట్టి అని కూడా చెప్పాను.

"మెడ పొడుగే కదేటి," అంది వదిన.

"పొడుగే. అది కంప్యూటర్లో ఏల?"

"మరి నాను రాసింది తీసేత్తే నీకు సరిపోతాదేటి?"

అప్పటికి ఆమె గొంతు కొంచెం లేచింది. నా ప్రాణం కుదుటపడింది. ఇంక మాటలు కట్టిపెట్టి, ఆ ప్రోగ్రాంలో ఏం రాసిందో ఒక్కొక్క లైనూ తెలుగులో చెప్పమని కోడల్ని అడిగాం. మేము చెప్పగలిగింది ఏముంటుందని కోడలి ముఖంలో ఉంది గానీ, రెండు రోజుల అలసట కూడా ఉంది. చెప్పింది. ఇక్కడ తిరగడం మొదలు. తర్వాత డబ్బా ఖాళీగా పెట్టు. తర్వాత ఈ మనిషి రాసింది డబ్బాలో చేర్చు. ఇక్కడ తిరగడం అయిపోయింది. చివరిగా డబ్బా ఇచ్చెయ్.

వదిన రెండోసారి చెప్పించుకుంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి మా బియ్యం డబ్బాలోంచి పళ్ళెంలో కాసిన్ని బియ్యం, ఒక స్టీలు చెంబు పట్టుకొచ్చింది. పరాయి వంటిల్లని ఆమెకి ఎప్పుడూ తోచదు.

"అదేటో మాకు నోటితో సెప్తే తెలీదమ్మా. అమ్మోరికి తిరిగినట్టు తిరుగుతాం. నువ్వు సెప్పు, అందులో ఎలాగుంటే అలాగే సెప్పు."

మా ఇంట్లో గుమ్మాలు మూడే. పడగ్గది, వంటిల్లు, స్నానాలగది. పళ్ళెం నా చేతిలో, చెంబు వదిన చేతిలో. కోడలు కంప్యూటర్ చూస్తూ చెబుతోంది. మొదటి మనిషి దగ్గరికి వెళ్ళండి అంది. పడగ్గది గుమ్మం ముందు నిలబడ్డాం. డబ్బా ఖాళీగా పెట్టండి అంది. ఖాళీగానే ఉంది. చేర్చండి అంది. పిడికెడు బియ్యం చెంబులో వేశాను. రెండో మనిషి దగ్గరికి వెళ్ళండి అంది. వంటింటి గుమ్మం. డబ్బా ఖాళీగా పెట్టండి అంది.

వదిన చెంబు వంచేసింది. బియ్యం నేల మీద పడ్డాయి.

"అయ్యో ఆంటీ, పారబోశారేంటి?"

"నువ్వే సెప్పినావు కదమ్మా ఖాళీ సెయ్యమని."

"నేను చెప్పింది..." అంటూనే కోడలు తెర వైపు తిరిగింది. మేము ఎదురుచూడలేదు. వంటింటి గుమ్మం దగ్గర పిడికెడు వేశాను, స్నానాలగది దగ్గరికి వెళ్ళాం, వదిన అది కూడా వంచేసింది. అప్పటికి నాకు నవ్వు ఆగలేదు.

"పిల్లా, ఇంటింటికీ కొత్త కుండేటే?" అన్నాను.

కోడలు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. డబ్బా ఖాళీ చేసే ఆ ఒక్క లైనుని, తిరగడం మొదలయ్యే లైను లోపలి నుంచి తీసి దాని పైన పెట్టింది. అంతే. రెండు వేళ్ళ ఎత్తు జరిగింది. తిరగడానికి ముందు ఒక్కసారి ఖాళీ కుండ తీసుకుంటాం, తర్వాత చేరుస్తూ పోతాం, ఆఖరి గుమ్మం అయ్యాక ఇచ్చేస్తాం. మా కాలనీలో పండగ కుండ చూసిన ఏ మనిషైనా చెప్పే మాట. ఆ పండగకి ఐదేళ్ళుగా మా కోడలు కూడా పిడికెడు వేస్తోంది.

పద్దెనిమిది మందీ వచ్చారు. వచ్చారు గానీ ఒకరి మీద ఒకరు పడిపోయి వచ్చారు. ఒకరి ఆఖరి మాటకీ ఇంకొకరి మొదటి మాటకీ మధ్య సందు లేదు. ఎవరో తన మోకాళ్ళ నొప్పి గురించి రాస్తే ఆ నొప్పి తిన్నగా వెళ్ళి ఇంకొకరి చేపల పులుసులో పడింది. పండగ అన్నం లాగే ఉందని నేనంటే, అమ్మవారు ఊరుకుంటారు గానీ మాస్టారు ఊరుకోరని వదిన అంది. ఒక్కొక్కరిదీ కుండలో వేసేటప్పుడే పైన పేరు, కింద ఒక గీత కూడా వేయమన్నాం. కోడలికి అది నిమిషం పని. ఆఖరున, నా వరస మళ్ళీ పదిహేడో చోటికే మార్చమని నేనే చెప్పాను. వదిన విననట్టు నేల మీది బియ్యం ఎత్తుతోంది.

ఆదివారం హాలు నిండింది. మాస్టారు తెర మీద ఒక్కొక్కటీ పైకి జరుపుతూ గట్టిగా చదివారు, ఎందుకంటే వచ్చినవాళ్ళలో సగం మందికి చదవడం రాదు, మిగతా సగం హిందీవాళ్ళు. నా బండి కదిలిపోయినప్పుడు హాలంతా నవ్వింది. మా ఆయన అందరికంటే ఆలస్యంగా నవ్వి, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. తర్వాత పద్దెనిమిదోది. పేజీన్నర. మాస్టారు మెడ దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. అందరూ నా వైపు తిరిగారు. వెనక వరసలోంచి ఎవరో అడిగారు, నిజమేనేటి అని.

కాదనొచ్చు. నా ఆరు లైన్లు అందరూ విన్నారు, నమ్ముతారు. వదిన పక్కనే కూర్చుని ఉంది, ఇస్త్రీ చీర మళ్ళీ అదే. ఇనప ముక్కల దగ్గర నేను పగిలినదాన్ని మంచిదని ఎప్పుడూ చెప్పలేదు.

"సూసేను," అన్నాను. "పట్నంలో ఒత్తు. అదొక్కటే."

"ఒకటేటి వదినా," అంది వదిన, అందరికీ వినబడేలా. "రెండు."

ఆమె కోడలి అమ్మగారు చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో ఆవిడకే తెలియాలి. మా కోడలికి సంఘం వాళ్ళు అక్కడికక్కడే ఇంకో పేజీ పని ఒప్పజెప్పారు, పండగ ఫొటోలది.

సోమవారం తరగతికి వెళ్ళేసరికి వదిన తన పలకని కొంగుతో కప్పుకుని కూర్చుని ఉంది. నేనూ నా పలకని కప్పుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఆమె కొంగు నేను ఎత్తి చూడడానికీ, నా కొంగు ఆమె ఎత్తి చూడడానికీ సరిపోయింది. మాస్టారు ఏం పాఠం చెప్పారో ఇద్దరికీ తెలీదు.